ఊడ్చి ఆపే కారు

సారంగపాణి ఎక్కడ కారు ఆపాలన్నా ముందు దిగి నేల ఊడ్చాలి. ఎండుటాకు, గడ్డిపోచ, పత్తిపింజ, ఏదీ బండి కింద మిగలకూడదు. అందుకని డిక్కీలో స్టెప్నీ పక్కనే ఒక చీపురు, ఒక నీళ్ల డబ్బా పెట్టుకుని తిరుగుతాడు. మున్సిపాలిటీలో ఉద్యోగం ఎప్పుడు పర్మనెంట్ అవుతుందని వరంగల్ టాక్సీ అడ్డాలో తోటి డ్రైవర్లు రోజూ అడుగుతారు.

ఒకసారి పెళ్లికొడుకును ఫంక్షన్ హాలుకు తీసుకెళ్లి, కారును రోడ్డు మీదే నిలిపి చీపురు అందుకున్నాడు. హాలు మేనేజరు చూసి, వంటశాల వెనక కూడా ఊడ్చి రమ్మన్నాడు. సారంగపాణి ఊడ్చాడు. అక్కడ నీడ బాగుందని బండి తెచ్చి అక్కడే పెట్టుకున్నాడు. పెళ్లికొడుకు ఇంకా బండిలోనే ఉన్నాడు.

ఇంట్లో చీపురు ముట్టని మనిషి బండి కింద మాత్రం అద్దంలా ఉంచుతాడని ఆయన భార్య సరోజన ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెబుతుంది.

ఈ కథలన్నీ విని స్నేహలత ఎన్నోసార్లు నవ్వింది. ఆయనది వాళ్ల ఊరే, చిన్నాయినా అని పిలుస్తుంది. ఆ మధ్యాహ్నం మాత్రం నవ్వలేదు. ఆమె తండ్రి కట్టయ్యకు జబ్బు ఎముకల్లోకి పాకింది. ఇక ఇంటికి తీసుకుపొమ్మని దవాఖానలో చెప్పేశారు. నాలుగు రాత్రులుగా ఆయనకు కన్ను మూతపడలేదు. ఆయన అడిగింది ఒక్కటే, ప్రాణం ఉండగా ఇల్లు చేరాలని. వెనక సీటులో ఆయనను పడుకోబెట్టి, స్నేహలత ముందు కూర్చుంది.

నర్సంపేట దాటాక సగం రోడ్డు మీద మక్కజొన్నలు ఆరబోసి ఉన్నాయి. ఎదురుగా ట్రాక్టరు వచ్చింది. పక్కకు దిగితే ఎండుగడ్డి. సారంగపాణి చెయ్యెత్తి ట్రాక్టరును ఆపి, దిగి, ఊడ్చి, అప్పుడు బండిని పక్కకు దించాడు. ట్రాక్టరు డ్రైవరు నోరు తెరుచుకుని చూశాడు. స్నేహలత పళ్లు బిగబట్టింది.

ఇల్లు వచ్చింది. వాకిలి నిండా వరిగడ్డి, అరుగు మీద ఏరిన పత్తి కుప్ప. ఇరవై అడుగుల దూరంలో ఇంజను ఆపకుండానే కారు నిలిపి సారంగపాణి మళ్లీ చీపురు తీశాడు. స్నేహలత దిగి ఆయన వెంటపడింది.

"మా నాయిన ఊపిరి మీదున్నడు చిన్నాయినా. ఇంటి ముంగటికొచ్చి నీ ఊడ్సుడేంది?"

"సైలెన్సర్ మీది రేకు లేదు బిడ్డా. నిప్పు లెక్క కాలుతాంటది. గడ్డి మీద ఆపితే అంటుకుంటది. ఎనకనే పత్తున్నది."

"ఆ రేకేదో ఏయించుకోరాదు?"

ఊడుస్తూనే చెప్పాడు. ఆ పాత బండికి కంపెనీ రేకు దొరకడం మానేసింది. మెకానిక్ బాలరాజు మూడుసార్లు తగరం కోసి, క్లిప్పులు బిగించి వేశాడు. పనిమంతుడే, ఆయన తప్పేం లేదు. కానీ నెల తిరిగేసరికి వదులై, గుంత గుంతకూ గడగడమని చప్పుడు చేసేది.

"పోయినేడు ఒక ముసలామెను ఇట్లనే దవాఖాన నుంచి తీస్కపోతాన్న. ఆ సప్పుడుకు ఒంట్ల బొక్కలన్ని గుంజుతానయ్ కొడుకా, జర ఆపుమన్నది. సెట్టు కింద ఆపి, సల్లారినంక రేకు ఊడవీకిన. మల్ల ఏయలే. నాకు ఊడ్సుడొచ్చు గదా."

స్నేహలత కారు వైపు తిరిగింది. కట్టయ్య నోరు కొద్దిగా తెరిచి గురక పెడుతున్నాడు. దారి పొడవునా ఆమె రోడ్డునే చూసింది, వెనక్కి చూడలేదు.

ఆమె వంగి రెండు చేతులా గడ్డి ఎత్తి పక్కన వేయసాగింది. ఇద్దరూ కలిసి చోటు చేశాక సారంగపాణి బండిని అరుగు దాకా తెచ్చి ఆపాడు. ఇంజను ఆగగానే కట్టయ్యకు మెలకువ వచ్చింది.

"ఇల్లొచ్చింది నాయినా."

ఆయన పత్తిని చూశాడు. తలుపును చూశాడు. చాలాసేపు చూశాడు.

"సూసిన గదా," అన్నాడు. "సారంగం, మంచిగ నిద్ర వట్టింది రా. జర సెరువు దాంక తిప్పుకొని రా."

స్నేహలత కొంగుతో ముఖం తుడుచుకుంటూ నవ్వేసింది. ఈసారి వెనక ఎక్కి తండ్రి తల ఒళ్లో పెట్టుకుంది. బండి ఊరు దాటకముందే ఆయన మళ్లీ గురక అందుకున్నాడు.