ఒక్క డొల్ల కూడా ఉండకూడదు

ఆ వీధిలో ఆమెను అందరూ తుడుపులమ్మ అంటారు. ఎదుట కాదులెండి, వెనకాల. ఆ ఇంట్లోకి చీమైనా కాళ్లు కడుక్కునే వెళ్లాలని ఎదురింటావిడ ఎకసెక్కం.

ఆ తుడుపు పిచ్చి పుట్టింటి నుంచి తెచ్చుకున్నది కాదు, అత్తగారు నేర్పింది. నేర్పింది అనడం మర్యాద. నిజానికి పీడించింది. కొత్త కోడలు గది తుడిచి బకెట్ పక్కన పెట్టిందో లేదో, అత్తగారు చెప్పులు లేని కాళ్లతో గోడ వెంబడి ఒక చుట్టు చుట్టేది. పాదంతోనే పరీక్ష. "ఏమే, ఈ మూల తుడవలేదు" అనేది. ఆ మాట విని విని కోడలికి కడుపు మండిపోయేది. బాత్రూంలోకి వెళ్లి, చప్పుడు బయటికి రాకుండా కుళాయి తిప్పి ఏడ్చిన రోజులూ ఉన్నాయి. కళ్లు తుడుచుకుని వచ్చి మళ్లీ ఆ మూల తుడిచేది. ఎందుకంటే ఆవిడ అన్నది అబద్ధం కాదు, ఆ మూల నిజంగానే మిగిలిపోయి ఉండేది.

ఏళ్లు గడిచాయి. అత్తగారి కళ్లు మసకబారి, చివరికి చీకటే మిగిలింది. ఇక చేయగలిగింది లేదన్నాడు డాక్టరు. అయినా ఇంట్లో మాత్రం ఆవిడ ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. మంచం దగ్గర్నుంచి వంటింటికి, అక్కణ్ణుంచి బాత్రూంకి తనంతట తనే తిరిగేది. "నా ఇల్లు నాకు తెలీదా ఏంటి?" అనేది. ఆ గీర చూసి కోడలు లోలోపల మురిసిపోయేది, పైకి మాత్రం విసుక్కునేది.

గొడవంతా నేల లేవడంతో వచ్చింది. హాల్లో టైల్స్ పొంగి అంచులు పైకి తేలాయి. అవి తగిలి అత్తగారి బొటనవేలి గోరు ఊడింది. మొగుడు బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి వచ్చి చూసి, "మొత్తం మార్పించెయ్. మేస్త్రిని నువ్వే చూసుకో, నాకు ఆ గోల తెలీదు" అని చేతులు దులుపుకున్నాడు.

ఇక ఆమెకు కంటిమీద కునుకు లేదు. నేల వేసేవాళ్లను నమ్మి నెత్తిన చెయ్యి పెట్టుకున్నవాళ్ల కథలు వీధినిండా ఉన్నాయి. ఒకాయన ఇంట్లో హాలు కడిగితే నీళ్లు తూముకి కాక పడగ్గదిలోకి పారతాయట! అందుకే ఒక మేస్త్రి పేరు చెవిన పడగానే అతన్ని పిలవలేదు. అతను పని చేసిన ఇల్లేదో వాకబు చేసి, ముక్కూ మొహం తెలియని వాళ్ల తలుపు తట్టి, "మీ నేల ఒకసారి కొట్టి చూసుకుంటానమ్మా" అంది. వాళ్లు తెల్లబోయి చూస్తుండగానే మోకాళ్ల మీద కూర్చుని తాళంచెవితో టైల్ టైలూ కొట్టింది. కింద సిమెంటు నిండుగా ఉంటే గట్టి చప్పుడు వస్తుంది, ఖాళీ ఉంటే టొక్కుమంటుంది. ఆ టొక్కుమనేదాన్నే డొల్ల అంటారు. అక్కడ ఎక్కడా డొల్ల లేదు. అప్పటికి గానీ మేస్త్రికి కబురు పంపలేదు.

మేస్త్రి వచ్చాడు. మాట పెద్దది, మీసం ఇంకా పెద్దది.

"ఒక్క డొల్ల కూడా ఉండకూడదు మేస్త్రి గారూ" అంది.

"డొల్ల దొరికితే మీసం తీసేస్తానమ్మా!" అన్నాడు.

పని జరిగినన్నాళ్లూ అత్తగారు కూతురింట్లో ఉంది. ఇక్కడ కోడలు మేస్త్రి ప్రాణం తోడేసింది. టైల్ పెట్టిన ప్రతిసారీ వెనకే నిలబడి "డొల్ల రాలేదు కదా?" అనేది. చివరికి గరుకు పైపూతతో, కాలు జారని నేల సిద్ధమైంది. ఇంటినిండా కొట్టి చూసుకుంది. మేస్త్రి మీసం దక్కింది. హమ్మయ్య అనుకుంది పిచ్చితల్లి.

ఆడపడుచు తల్లిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. గుమ్మం దాటగానే ముసలావిడ ఆ చెయ్యి విదిలించుకుని లోపలికి నడిచింది. నడిచి ఆగిపోయింది. పాదం అటూ ఇటూ రాసి చూసుకుంది. మొహం పాలిపోయింది.

"ఎవరింటికి తీసుకొచ్చారే నన్ను?"

నవ్వులాటకు అందనుకున్నారు. మర్నాడు వంటింటికని బయల్దేరి నేరుగా గోడకు గుద్దుకుంది. నుదురు బొప్పికట్టింది. అంతే, ఆ తర్వాత మంచం దిగలేదు. బాత్రూంకి వెళ్లాలంటే "ఎవరైనా ఉన్నారా?" అని నీరసంగా పిలిచేది. ఒకరోజు కోడలు కావాలనే వంటింటి మూల తుడవకుండా వదిలేసి చూసింది. తిట్టడానికి అటు వచ్చే మనిషి ఏది?

ఇంతలో ఆడపడుచు ఫోను. "ఆదివారం వచ్చి అమ్మను తీసుకెళ్లిపోతానమ్మా. ఎలాగూ మంచం మీదేగా, ఎక్కడైతే ఏంటి? ఇక్కడ మనిషిని పెడతాను."

"వదినా, ఒక్కసారి..." అనేలోపే అవతల ఫోను పెట్టేసింది. అత్తగారు వెళ్తే ఇక తిరిగి రాదు. కోడలు ఆ భయంతోనే వెళ్లి మంచం అంచున కూర్చుంది.

"అత్తయ్యా, పాత నేల మీద మీకు దారెలా తెలిసేది?"

"మలుపులో ఒక టైల్ టొక్కుమనేదే. అక్కడ కుడికి తిరిగితే వంటిల్లు, ఎడమకి తిరిగితే బాత్రూం. ఇప్పుడు అంతా ఒకటే చప్పుడు. నేల మూగదైపోయింది."

డొల్ల ఉండకూడదని ఊరంతా టముకు వేసింది తనే కదా అనుకుంది కోడలు.

వెంటనే మేస్త్రికి ఫోను చేసింది. "ఒక టైల్ తీసి డొల్లగా వేసిపెట్టాలి. ఆ చప్పుడు లేక మా అత్తయ్యకు దారి తెలీడం లేదు."

"ఏంటమ్మా, ఎగతాళా? డొల్ల వేశానని తెలిస్తే నన్నింకెవరు పిలుస్తారు? పైగా అంచు లేచి మళ్లీ ఆవిడ కాలికే తగులుతుంది."

అదీ నిజమే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. "ఆ ముక్కేదో మా అత్తయ్య ఎదుట నిలబడి చెప్పండి" అని ఏడుపు గొంతుతో అరిచి ఫోను పెట్టేసింది.

మేస్త్రి సణుక్కుంటూనే వచ్చాడు. ముసలావిడ అలికిడి విని, "ఎవరు? నేల వేసిన నాయనా? బాగా వేశావట. నాకే పనికిరాకుండా పోయింది" అంది. అతను మీసం మీద చెయ్యి వేసి మళ్లీ తీసేశాడు. మలుపులో టైల్ పెకిలించి, నాలుగంచులకీ సిమెంటు గట్టిగా పట్టించి, నడుమ ఖాళీ వదిలి కొత్తది కూర్చోబెట్టాడు.

"బీరువాలాంటి బరువులు దీని మీద పెట్టకండి. ఎవరైనా అడిగితే మాత్రం నేను వేసింది కాదని చెప్పండమ్మా."

ఆదివారం పొద్దున్నే ఆడపడుచు ఖాళీ సంచితో దిగింది. కోడలు అత్తగారిని మంచం మీంచి లేపింది. "ఒక్కసారి నడవండి అత్తయ్యా, నాకోసం."

"ముట్టుకోకు" అంది ముసలావిడ. నడిచింది. మళ్లీ గుద్దుకుంటానన్న భయంతో అడుగులు పొట్టివైపోయాయి. కోడలు చేతులు చాచి పక్కనే నడుస్తోంది. మలుపు వచ్చింది. పాదం టైల్ అంచు మీద పడింది. అంచు నిండుగా ఉంది, పలకలేదు. ఇంకో అడుగు దాటితే ఎదర గోడే. "కొంచెం ముందుకి" అనబోయి కోడలు నాలుక కరుచుకుంది. చెప్తే ఇక ఎప్పటికీ చెప్తూనే ఉండాలి.

ముసలావిడ ఆగి, పాదం ముందుకు జరిపి మడమ ఆనించింది.

టొక్.

మళ్లీ ఆనించింది. టొక్. ఆవిడ చటుక్కున కుడికి తిరిగి, ఎవరో తరుముతున్నట్టు వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆడపడుచు సంచి మడిచి చంకలో పెట్టుకుంది. లోపల్నుంచి గోడ వెంబడి పాదం రాస్తున్న చప్పుడు, ఆ వెనకే గొంతు:

"ఏమే, ఈ మూల తుడవలేదు!"

"వస్తున్నా అత్తయ్యా, తుడిచేస్తా" అంటూ తుడుపులమ్మ పరిగెత్తింది. చేతిలో గుడ్డే లేదు. ఆ మూలలో చతికిలబడి, ఈసారి కుళాయి తిప్పకుండానే ఏడ్చింది.