ఎదురు కొట్టు నల్లపూస

ఖానాపురం హవేలిలో ఇన్వర్టర్లు బిగించే ఇన్నయ్య ఇప్పుడు సోల్డరింగు చేస్తూ కూడా ఎదురు కొట్టునే చూస్తాడు. కరిగిన సీసం చొక్కా మీద పడితే దులుపుకొని మళ్లీ అటే చూస్తాడు. అక్కడ ప్రసూన కొత్తగా రిపేరు కొట్టు పెట్టింది. మొన్న అతని పాత గిరాకీ భారతమ్మ కూడా అటే వెళ్లింది. ఇన్వర్టర్ వేస్తే చాలు, ఆమె రేడియోలో పాటను మింగేస్తూ జుయ్‌మనే మోత. అది మామూలేనని ఇన్నయ్య ఏడాదిగా నచ్చజెబుతున్నాడు. ప్రసూన తీగకు నల్లటి ఫెర్రైట్ పూస తొడిగి మోత ఆపేసింది. "ఏంది ఇన్నయ్యా, నీ మెషీన్‌కు ఆ పిల్ల నల్లపూసలు కట్టింది. కొత్త కోడలోలె నోరు మెదుపుతలేదు!" అని భారతమ్మ నడిరోడ్డు మీదే నవ్వింది. మిగతా గిరాకీ కూడా రోడ్డు దాటుతుందని ఇన్నయ్యకు గుబులు పట్టుకుంది.

అసూయ మనిషిని కాల్చేస్తుందంటారు. ఇన్నయ్యను మాత్రం పనిలో పెట్టింది. అవే పూసలు తెచ్చి, తన కొట్టులోని ఇన్వర్టర్ తీగకు అటు చివర, రేడియో పక్కన తొడిగాడు. మోత తగ్గలేదు. "అన్నా, పూస ఇన్వర్టర్ దగ్గర తొడగాలె. మోత పుట్టేది ఆడ. తీగంతా పాకినంక ఆపుతవా?" అని ప్రసూన అక్కడి నుంచే కేకేసింది. "అవ్, నాకెర్క లేదా! ఊకె చూస్తున్న," అన్నాడు ఇన్నయ్య. ఆమె గిరాకీ వైపు తిరిగేదాకా ఆగి, పూసలను ఇన్వర్టర్ దగ్గరికి జరిపాడు. పాట తేటగా వినిపించింది. అది ఆమె చెవిన పడకముందే రేడియో కట్టేశాడు.