పక్క మిషను గంట

పొద్దున ఆరున్నరకు షట్టరు ఎత్తగానే గంగాధరప్ప పదకొండు టైపు మిషన్ల గంటలూ ఒక్కొక్కటే మోగించి చూస్తాడు. వరస చివరికొచ్చిందని చెప్పే చిన్న గంట అది. మోగని మిషను ఉంటే ఆ రోజు దాని మీద ఎవరినీ కూర్చోనివ్వడు.

బాగేపల్లి తాలూకా కచేరి వెనక సందులో అతను ఇరవై రెండేళ్ళుగా టైపు నేర్పుతున్నాడు. ఈ గంటల తనిఖీ మాత్రం రెండువేల నాలుగులో మొదలైంది. అంతకు ముందు ఆరు నెలలు ఆ గంటల నోళ్ళు మూసింది కూడా అతనే, దూది పెట్టి.

దానికి కారణం మిట్టేమరి నుంచి బస్సులో వచ్చే సహన. పియుసి, అంటే ఇంటరు, పాసైన పిల్ల. వేళ్ళు చక్కగా కూర్చునేవి, చూపు కాగితం మీదనుంచి జారేది కాదు. గదిలో ఒక్కతే ఉంటే నిమిషానికి నలభై మాటలు కొట్టేది. అయినా జూనియర్ పరీక్ష తప్పింది. అమ్మాయిని నిలబెట్టి అడిగాడు.

"ఏమమ్మా, యాడ తప్పింది?"

"పక్కన టింగ్ మనిందంటే నేను వెనకబడిపోయినా అనిపిస్తాది సార్. చేతి యేళ్ళు వాటంతట అవే పరిగెత్తుతాయి. ఒక తప్పు పడతాది. దాన్ని తలుచుకుంటా ఇంకా పది పడతాయి."

వెనక వరసలోంచి రూపేష్ అందుకున్నాడు. అందరికంటే వేగంగా కొట్టేది అతనే, అందరికంటే ఎక్కువ మాట్లాడేదీ అతనే. "పేరైతే సహన అని పెట్టినారు సార్. ఆ మాట యేళ్ళకు చెప్పేది మరిచిపోయినారు."

"నోరు కాదప్పా, మిషను కొట్టు" అన్నాడు గంగాధరప్ప.

ఆ పిల్ల చెప్పింది అతనికి కొత్త కాదు. అతనిది మండికల్, పాడి ఇల్లు. పాతికేళ్ళ కిందట టైపు నేర్చుకుంటున్నప్పుడు వాళ్ళ మాస్టరు వీపు వెనక నిలబడి చూసేవాడు. ఆ ఊపిరి మెడకు తగలగానే గంగాధరప్ప చేతులు బిగుసుకుపోయేవి. "ఈ చేతులు ఆవును పిండేదానికే పనికొస్తాయి" అని మాస్టరు పదిమందిలో అన్నాడు. గంగాధరప్ప ఆ పరీక్ష మూడుసార్లు తప్పి నాలుగోసారి గట్టెక్కాడు. తను మాస్టరయ్యాక ఒక్కరి వెనకా నిలబడలేదు. ఏం చెప్పాలన్నా ఎదురుగా వచ్చి చెప్పేవాడు.

అందుకే ఆ పిల్ల మీద జాలిపడి దూది కొనుక్కొచ్చాడు. ఆరు నెలలు ఆ గదిలో గంట మోగలేదు. సహన వేగం పెరిగింది, తప్పులు తగ్గాయి, మొహంలో నవ్వొచ్చింది. ఇక పాసే అనుకున్నాడు.

రెండో పరీక్ష చింతామణిలో. ఎవరి మిషన్లు వాళ్ళే తెచ్చుకోవాలి కాబట్టి టెంపోలో వేసుకుని పోయారు. తన మిషన్లకు దూది ఉంది. హాల్లో పక్క బల్ల మీద చిక్కబళ్ళాపురం నుంచి వచ్చిన అమ్మాయి మిషనుకు లేదు. పది నిమిషాల స్పీడు పేపరు. మొదటి నిమిషంలోనే టింగ్ మంది. సహన మళ్ళీ తప్పింది.

పరీక్ష ఫలితాంశ వచ్చిన రోజు ఆ పిల్ల ఏడవలేదు. "ఇంగ ఒక్క తూరి రాస్తా సార్. కోర్టులో టైపిస్టు పోస్టులకు అర్జీలు పిలిచేది వచ్చే ఏడాదంట. అప్పటికి సర్టిఫికెట్ చేతికి రాలేదంటే మా అమ్మతో కలిసి చేన్లోకి పోతా" అంది.

తప్పింది పిల్ల కాదని గంగాధరప్పకు ఆ సాయంత్రం తెలిసింది. దూది పెట్టింది తను. భయం ఉన్నచోటే ఉంది, శబ్దాన్ని మాత్రమే దాచాడు. పదకొండు మిషన్లలోనూ దూది లాగి పారేశాడు.

మర్నాడు రూపేష్‌ను సహన పక్కన కూర్చోబెట్టాడు. వాళ్ళు రాకముందే రూపేష్ కూర్చునే మిషనుకు తనే మార్జిన్లు జరిపి, వరస వెడల్పు సగం చేశాడు.

ఇక ఆ గంట ఊపిరి తీసుకోనివ్వలేదు. నాలుగైదు మాటలకొకసారి టింగ్. సహన కాగితాలు ఖరాబయ్యాయి. నాలుగు రోజులు అంతే. రూపేష్ మాత్రం గొణిగేవాడు. "లైను మార్చి మార్చి నా చెయ్యి పడిపోతాండాది సార్. ఇదేం శిక్ష నాకు?"

అయిదో రోజు సహన చెయ్యి ఆపింది. తల తిప్పి మొదటిసారి పక్క మిషను కాగితాన్ని చూసింది. వరసలన్నీ పొట్టిగా, నిట్టనిలువునా దిగుతున్నాయి.

"ఇదేంది సార్, ఈయనది సగం లైనే ఉండాది?"

గంగాధరప్ప ఎదురుగా వచ్చాడు. "అవును మరి. గంట మోగేది మార్జిను పెట్టిన కాడమ్మా, పని ముగిసిన కాడ కాదు. పక్కవాళ్ళు మార్జిను యాడ పెట్టుకున్నారో నీకేం తెలుసు? తెలీని గంటకు నువ్వెందుకు పరిగెత్తేది?"

సహన నవ్వింది. ఆ నవ్వుకు రూపేష్ ఉడుక్కున్నాడు. "అంటే నేనిన్ని దినాలూ బొమ్మనా సార్?"

"బొమ్మ కాదప్పా, గంటవు" అన్నాడు మాస్టరు.

తర్వాత మూడు నెలలు ఆయన రోజుకో మార్జిను పెట్టేవాడు. గంట ఎప్పుడు మోగుతుందో ఎవరికీ తెలిసేది కాదు. తను మండికల్ నుంచి వచ్చి మూడుసార్లు తప్పిన సంగతి, మాస్టరు ఆవు మాటతో సహా, ఆ రోజుల్లోనే పిల్లలకు చెప్పాడు. అంతవరకు అది ఎవరికీ చెప్పలేదు.

మూడో పరీక్షా చింతామణిలోనే. బయట టెంపో పక్కన నిలబడ్డ గంగాధరప్పకు లోపల్నుంచి గంటలు వినిపిస్తూనే ఉన్నాయి. పది నిమిషాలు గడిచి అన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. సహన బయటికొచ్చింది.

"పక్క గంట వినబడిందా?"

"వినబడకేం సార్, నా చెవులకు దూది పెట్టినారా? ఆయమ్మి మార్జిను శానా దగ్గర పెట్టుకోనుండాది. పోనీలే, ఆమె ఇష్టం అనుకున్నా."

గంగాధరప్ప లోపలికి పోయాడు. రెండు చేతులతో ఆమె మిషను ఎత్తి తెచ్చి తనే టెంపోలో పెట్టాడు. మామూలుగా ఆ పని కూలివాళ్ళది.

ఫలితాంశ వచ్చాక ఆ కాగితాన్ని షట్టరు మీద అందరికీ కనబడేట్టు అంటించాడు. కచేరికి పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ ఆగి చదివేవాళ్ళు. ఎవరైనా "కంప్యూటర్లు వచ్చినాయి గదప్పా, ఇంకా ఈ టకటక ఎందుకు?" అంటే, ఆ కాగితంలో ఆరో పేరు మీద వేలు పెట్టి చూపించేవాడు. సహన, డెబ్బై ఒకటి మార్కులు.

ఆ విడత ఆయన దగ్గర్నుంచి పద్నాలుగు మంది రాశారు. పదమూడు మంది పాసయ్యారు. తప్పిన ఒక్కడు రూపేష్. తొందరలో ఒక వరస మొత్తం వదిలేశాడు. సోమవారం ఆరున్నరకు అతని పక్క మిషను మీద కూర్చుంది సహన. కోర్టు పోస్టుకు అర్జీ పెట్టి వచ్చింది, పిలుపు వచ్చేదాకా ఖాళీయే. ఈసారి గంట ఆమె; మార్జిను ఎక్కడ పెట్టాలో ఆమే చూసుకుంది.