అడుగు కనపడే నీళ్ళ కోసం

ఆ ఫొటో నేను చూసింది మా రొయ్యల గుంటల గట్టు మీద. పక్క గుంటల రైతు అప్పుడే ఏదో దీవికి పోయి తిరిగొచ్చాడు. మేత అమ్మే కంపెనీ వాళ్ళు, ఎక్కువ మేత కొన్న రైతులను అట్లా విమానంలో తీసుకుపోయి తిప్పి తెస్తుంటారు. ఆయన తన ఫోను మా ఆయన ముందు పెట్టి ఒక్కో బొమ్మా జరుపుతున్నాడు. టీ ఇవ్వడానికి పోయిన నేను వెనక నిలబడి చూశాను. నడుంలోతు నీళ్ళలో నలుగురు మగవాళ్ళు నల్లద్దాలు పెట్టుకుని నవ్వుతున్నారు. నా కళ్ళు వాళ్ళ ముఖాల మీద నిలవలేదు. ఆ నీళ్ళ కింద వాళ్ళ పాదాలు వేళ్ళతో సహా కనపడుతున్నాయి. వాటినే చూస్తూ ఉండిపోయాను.

"ఆడవాళ్ళు రాలేదా అన్నా?" అని అడిగాను.

"ఆడోళ్ళు దేనికమ్మా, అది రైతుల ట్రిప్పు గదా," అన్నాడాయన.

ఆ గుంటల్లో మేత ట్రే పైకి లాగి రొయ్య తింటోందో లేదో చూసేది నేను. కరెంటు పోతే పరుగెత్తి జనరేటర్ వేసేది నేను. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఖాళీ గ్లాసులు తీసుకుని ఇంటికొచ్చేశాను. గట్టు దాటేలోపల మాత్రం ఒకటి తేల్చుకున్నాను. అటువంటి నీళ్ళలో నేనూ దిగాలి. ఏ కంపెనీ వాళ్ళో పిలిస్తే కాదు, నా అంతట నేనే పోయి దిగాలి.

మాది విడవలూరు దగ్గర చిన్న ఊరు. మా ఆయన నాకు మేనత్త కొడుకు. చిన్నప్పుడు బావ అని పిలిచినదాన్ని ఇప్పటికీ అట్లాగే పిలుస్తాను. అత్త మాతోనే ఉంటుంది. పెళ్ళయి పాతికేళ్ళు దాటినా మేమిద్దరం కలిసి ఒక రాత్రి బయట పడుకున్నది లేదు. పెళ్ళిళ్ళకు కూడా ఒకరు పోతే ఒకరు గుంటల దగ్గర ఉండాల్సిందే. రొయ్య చంటిబిడ్డ కంటే ఎక్కువ, కాసేపు నీళ్ళకు గాలి ఆడకపోతే తెల్లారేసరికి చచ్చి తేలుతుంది.

మరుసటి రోజు అన్నాల దగ్గర విషయం బయటపెట్టాను.

"సముద్రం చూడాలంటే మైపాడు పక్కనే గదా. ఆటో ఎక్కితే పోతాం," అన్నాడు బావ.

"మైపాడులో నేను చూసింది ఏంది బావా? చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని, చీలమండల దాకా తడిసి రావడమే గదా. చిన్నప్పుడొకసారి అల కొట్టి బోర్లా పడితే నోటినిండా ఇసక. అప్పటినుంచి నీళ్ళంటే భయమే నాకు. ఇప్పుడు లోపలికి దిగాల. అడుగు కనపడాల."

"అడుగు కనపడే నీళ్ళల్లో ఏం బతుకుతుంది?" అన్నాడు. ఆయన నవ్వులాటకు అనలేదు. మా గుంటల్లో నీళ్ళు పచ్చగా, చిక్కగా ఉంటేనే రొయ్యకు తిండి ఉన్నట్టు. నీళ్ళు తేటపడితే ఆయనకు నిద్ర పట్టదు.

"ఏమన్నా బతకనీ, బతకకపోనీ. నేను పోతుండా. నువ్వొస్తే ఇద్దరం, రాకపోతే ఒక్కదాన్నే."

అంతవరకూ మజ్జిగన్నం కలుపుకుంటున్న అత్త తలెత్తింది. "ఒక్కదానివే ఎందుకు? నేనొస్తా. చచ్చినాక ఎట్లాగూ పైకి పోవాల్సిందే. బతికుండంగానే ఒకసారి పోయి ఆ పైన ఏముందో చూసొస్తా," అనింది.

బావ కంచం ముందునుంచి లేచిపోయాడు. చెయ్యి కడుక్కుని గుంటల వైపు పోయాడు.

ఆ వారంలోనే బస్సెక్కి నెల్లూరు పోయాను. విమానం టికెట్లు చేసే అంగడి ఒకటి బజారులో ఉందని తెలుసు. లోపల ఒక ముస్లిం ఆమె కూర్చుని ఉంది, నాకంటే కాస్త చిన్నది. గోడల మీదంతా మక్కా యాత్ర బొమ్మలే. నేను తప్పు చోటికి వచ్చానేమో అనుకుని వాకిట్లోనే తచ్చాడుతుంటే, "రాండక్కా, కూర్చోండి. ఎక్కడికి?" అని అడిగింది.

"దీవికి" అన్నాను. ఏ దీవో నాకే తెలియదు.

ఆమె నవ్వలేదు. కుర్చీ నా వైపు జరిపి కంప్యూటర్ తిప్పింది. నీళ్ళ మీద కొయ్య ఇళ్ళు కట్టిన దీవులు, కొబ్బరిచెట్ల కింద ఉయ్యాలలు వేసిన దీవులు ఒక్కొక్కటీ చూపించింది. బయటి దేశమైతే పాస్‌పోర్టు కావాలంది. అత్తకు పుట్టిన సంవత్సరమే ఎవరికీ సరిగ్గా తెలియదు, ఇక పాస్‌పోర్టు ఎక్కడ తేవాలి? అప్పుడామె అండమాన్ చూపించింది. "మన దేశమే అక్కా. ఆధార్ చాలు. చెన్నైలో ఎక్కితే రెండు గంటల పైచిలుకు, అంతే. మీరు మీ ఊరి నుంచి చెన్నై పోయేదానికే అంతకంటే ఎక్కువ పడుతుంది. అక్కడ దిగి మళ్ళీ పడవలో చిన్న దీవికి పోవాలి. రిసార్టు ముందరే సముద్రం."

"ఏ నెలలో నీళ్ళు తేటగా ఉంటాయి?"

"వానలు వెనకబట్టినాక. జనవరి నుంచి బాగుంటుంది."

నేను మనసులో మా పంట లెక్క వేసుకున్నాను. డిసెంబరులో రొయ్య పట్టుబడి అయిపోతే గుంటలు ఎండబెడతాం. మళ్ళీ రొయ్యపిల్ల వదిలేవరకు ఆ మట్టికి ఎండ తప్ప ఎవరూ అక్కర్లేదు. జనవరి చివర గుంటా ఖాళీ, అక్కడ సముద్రమూ తేట. ఇంకేం కావాలి?

లేవబోతుంటే ఆమె అడిగింది, "ఈత వచ్చా అక్కా?"

"రాదు."

"మరి దిగి ఏం చూస్తారు? మా అమ్మాయిలు ఇక్కడే నేర్చుకున్నారు. ఆడవాళ్ళకు వేరే టైము ఉంటుంది. మీరూ పోండి. ఇంకా నెలలుండాయి గదా."

ఇంతమందిని విమానం ఎక్కించావే, నువ్వెప్పుడైనా ఎక్కావా అని అడిగాను. లేదంది. "మీరు పోయి చెప్పండక్కా ఎట్లా ఉంటుందో," అంది.

ఈత నేర్చుకోవడానికి వారానికి మూడు రోజులు నెల్లూరు పోయాను. మొదట్లో ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు, మోకాలికి వైద్యం అన్నాను. అత్త తోడు వచ్చి ఈతకొలను గట్టున బెంచీ మీద కూర్చునేది. నా చుట్టూ పదేళ్ళ పిల్లలు కప్పల్లా దూకుతుంటే, నేను చుడీదారుతో అంచున ఉన్న ఇనప కడ్డీ పట్టుకుని నిలబడేదాన్ని. మొదటి వారమంతా కడ్డీ వదల్లేదు. నేర్పే అమ్మాయి ఓపికగలది. "మేడమ్, మెడ బిగపట్టకండి. తల నీళ్ళకు ఇచ్చేయండి," అని రోజూ అదే చెప్పేది. తల ఇవ్వడం ఎట్లాగో నాకు తెలిసేది కాదు. చెవుల్లోకి నీళ్ళు పోగానే మైపాడు ఇసక నోట్లోకి వచ్చినట్టయ్యేది. దిగ్గున లేచి నిలబడేదాన్ని.

ఒకరోజు విసుగొచ్చి, "ఇక నాతో కాదు అత్తా," అన్నాను తుడుచుకుంటూ.

"కాకపోతే పోనీ. మనిద్దరం ఒడ్డున కూర్చొని చూసొద్దాం," అనింది అత్త చాలా తేలిగ్గా.

ఆమె ఓదార్పుకే అనింది. నాకది సూదిలా దిగింది. ఒడ్డున కూర్చోవడానికైతే ఇంత దూరం దేనికి? తుడుచుకున్న ఒంటితోనే మళ్ళీ దిగాను. ఆ రోజు తేలలేదు. ఆ తర్వాతి వారం తేలాను. కళ్ళు తెరిస్తే పైన రేకుల కప్పు, రేకుల మధ్య పావురం. చెవుల్లో నా ఊపిరి నాకే వినపడుతోంది. నేర్పే అమ్మాయి చేతులు నా వీపు కింద లేవని, ఎప్పుడో తీసేసిందని తర్వాత తెలిసింది.

పంట ఆ ఏడు దయ తలచింది. రోగం రాలేదు. డిసెంబరులో పట్టుబడి అయిపోయింది, గుంటల్లో నీళ్ళు వదిలేశాం. ఇక బావకు అడ్డు చెప్పడానికి ఏమీ మిగల్లేదనుకున్నాను. ఆయనకు మిగిలాయి. గుంటల్లో సున్నం చల్లాలన్నాడు. మోటారు విప్పాలన్నాడు. గట్టు ఒకచోట కోసిందన్నాడు. ఒక్కొక్కటీ ఎవరు చేస్తారో నేను చెబుతూ వచ్చాను. ఆఖరుకు, "మీరిద్దరూ పోండి. నేనుంటా," అన్నాడు.

"సరే," అన్నాను.

నేను బతిమాలతాననుకున్నాడు కాబోలు. మర్నాడే పోయి రెండు టికెట్లు చేయించుకొచ్చాను. అత్తకూ, నాకూ. అంగడి ఆమె, "అన్న రావడం లేదా?" అని రెండుసార్లు అడిగింది. రావడం లేదన్నాను. బాధ లేదని కాదు. పాతికేళ్ళు గుంట కోసం ఆగాను. ఇప్పుడు గుంట ఎండి ఉన్నా ఆగితే ఇక ఎప్పటికీ ఆగిపోతానని తెలుసు.

టికెట్లు చూసినరోజు బావ పార తీసుకుని గట్టు కోసినచోటికి పోయాడు. రెండు రోజుల తర్వాత, ఎండిన గుంటలో మట్టి పెళ్ళలు చూస్తూ నేను నడుస్తుంటే నా పక్కన వచ్చి నిలబడ్డాడు.

"మేయ్, నీకొక మాట చెప్పాల. నవ్వబాక."

"చెప్పు."

"నాకు విమానం అంటే భయం. మేత కంపెనీ వాళ్ళు నన్ను కూడా పిలిచినారు. రెండు మాట్లు. గుంట వదిలి రాలేనని చెప్పినా. గుంట గాదు. చిన్నప్పుడు తిరనాళ్ళలో రంగులరాట్నం ఎక్కితే పైన ఆగిపోయింది. ఆ కాళ్ళ కింద ఏమీ లేకపోవడం... అది నావల్ల కాదు."

నాకు నవ్వు రాలేదు. ఇన్నేళ్ళూ నేను గుంటను తిట్టుకున్నాను. పండగలకు పోనివ్వలేదని, పక్క ఊరు దాటనివ్వలేదని. అందులో సగం గుంట చేసిన పని కాదన్నమాట. నాకు ఒక్కసారిగా తేలికైంది కూడా. గుంటతో నేనేం కొట్లాడగలను? భయమైతే నాకు తెలిసిన సంగతే.

"నాకు నీళ్ళు భయం. కడ్డీ పట్టుకొని మొదలుపెట్టి నాలుగు నెలలు నేర్చుకున్నా. నీకు నేర్చుకునేదానికి విమానం యాడ తెస్తాం? రెండు గంటలు కళ్ళు మూసుకో, చాలు. చెయ్యి నేను పట్టుకుంటా."

"టికెట్లు రెండే గదా?"

"మూడోది చేయించేది నీకు ఇష్టమైతేనే. నేను అడగను."

ఆ సాయంత్రం అంగడి ఆమెకు ఫోను చేసింది ఆయనే.

ఆలస్యంగా చేయించినందుకు ఆయన సీటు ఎక్కడో వెనక వచ్చింది. చెన్నైలో విమానం ఎక్కి మా వరసలో మేము కూర్చున్నాక వెనక్కి తిరిగి చూశాను. ఇద్దరు తెలియనివాళ్ళ మధ్య బెల్టు బిగించుకుని, ముందు సీటు వీపు రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. అది చూసి కిటికీ పక్కనున్న అత్త లేచి నిలబడింది. మా వరస చివర్లో ఒక కుర్రవాడు చెవుల్లో పాటలు పెట్టుకుని ఉన్నాడు. అతని భుజం తట్టి, "నాయనా, మా వాడు వెనక ఉండాడు. భయస్తుడు. నువ్వు పోయి ఆడ కూర్చో," అనింది, చుట్టూ నాలుగు వరసలకు వినపడేట్టు. ఆ పిల్లాడు వెంటనే లేచిపోయాడు. యాభై దాటిన బావ తల వంచుకుని ముందుకు నడిచి వస్తుంటే, ఎయిర్‌హోస్టెస్ కూడా నవ్వు ఆపుకుంది.

విమానం లేచేటప్పుడు నా చెయ్యి నలిగిపోయింది. "అయిపోయిందా?" అన్నాడు కళ్ళు మూసుకునే. ఇప్పుడే మొదలైంది అన్నాను. అత్త మాత్రం ముక్కు అద్దానికి ఆనించి, "ఒరే, మబ్బులు మన కింద ఉండాయిరా, దూది ఏకినట్టు," అని చెబుతూనే ఉంది. కాసేపటికి ఆయన ఒక కన్ను తెరిచాడు. మబ్బులు చూడలేదు. వాళ్ళమ్మ ముఖం చూశాడు. తర్వాత నా చేతి మీద ఆయన పట్టు కొంచెం సడలింది.

దీవికి చేరిన మొదటి పొద్దున సముద్రం లేదు. నీళ్ళు వెనక్కి పోయి, ఒడ్డునుంచి చాలా దూరం వరకు రాళ్ళూ, నాచూ, మధ్యలో మడుగులే. ఇంత దూరం వచ్చింది ఇందుకా అనుకున్నాను. రిసార్టు మనిషి, మధ్యాహ్నానికి నీళ్ళు వస్తాయన్నాడు. బావ ఒక మడుగులో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, "మన గుంటకు ఇది పనికిరాదు, ఉప్పు జాస్తి," అన్నాడు. ఆయన మామూలు మనిషి అయ్యాడని నాకు అప్పుడు తెలిసింది.

మధ్యాహ్నం నీళ్ళు వచ్చాయి. కళ్ళకు అద్దం కట్టుకుని, ఊపిరికి గొట్టం నోట్లో పెట్టుకుని, రిసార్టులో నేర్పే మనిషి పక్కనుండగా దిగాను. నడుం దాకా, రొమ్ము దాకా. మెడ బిగుసుకుంది. ఒకసారి ఆగాను. తల నీళ్ళకు ఇచ్చేశాను.

కింద ఏం ఉందో నేను చాలామందికి చెప్పాను, ఒక్కసారీ సరిగ్గా చెప్పలేకపోయాను. పసుపు చారల చేపలు నా చేతివేళ్ళ సందునుంచి వెళ్ళిపోయాయి. మెదడులా ముడతలు పడిన రాయి ఒకటి, అది రాయి కాదు, బతికి ఉన్న పగడమట. నా నీడ ఇసక మీద నాకంటే ముందు పోతోంది. నేర్పే మనిషి ఇక చాలని సైగ చేస్తే, ఇంకొంచెం అని సైగ చేశాను. ముక్కూ కళ్ళూ మంటపుట్టేవరకు చూశాను.

బయటికి వచ్చేసరికి బావ నడుంలోతులో నిలబడి తన పాదాలు తను చూసుకుంటున్నాడు. అత్త గదిలోకి పోయిందన్నాడు. ఎండకు తల తిరిగిందేమోనని కంగారుగా పోయి చూస్తే, నా సంచి మంచం మీద బోర్లించి ఉంది. అత్త నా రెండో చుడీదారు వేసుకుని అద్దం ముందు నిలబడి ఉంది. డెబ్భై దాటిన మనిషి, పుట్టి బుద్ధెరిగినాక చీర తప్ప కట్టనిది.

"ఈ నాడా ముడి బిగించు. జారిపోయేట్టుండాది," అనింది.

చంకల కింద గాలి ట్యూబు వేసి, ఆ చెయ్యి ఒకరం, ఈ చెయ్యి ఒకరం పట్టుకుని దింపాము. కాళ్ళు నేల విడిచాయి. ఒకసారి కెవ్వుమంది. తర్వాత నీళ్ళు ఎటు ఊపితే అటు ఊగుతూ, కిందికే చూస్తూ ఉండిపోయింది. చాలాసేపటికి బావ, "చాల్లేమ్మా, వేళ్ళు నానిపోతుండాయి, ఇంక పోదాం రా," అన్నాడు.

"మీరు పోండిరా," అనింది అత్త తల ఎత్తకుండానే. "నన్ను పిలవబాకండి."