రత్నం మాస్టారి ఆఖరి ఆమెన్

పరువు పోగొట్టుకోవడం అందరూ చేసే పనే. చాలామంది నలుగురిలో పోగొట్టుకుని ఊరుకుంటారు. నేను మాత్రం నాలుగు వందల మందిలో, ఆదివారం ఆరాధనలో, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, శ్రుతి తప్పకుండా పోగొట్టుకున్నాను. అదెలా జరిగిందో చెబుతాను. నా మీద జాలిపడే ఉద్దేశం ఉంటే ముందే మానుకోండి, చివరికొచ్చేసరికి మీరు కూడా నవ్వుతారు.

ఇది ఆరేళ్ల కిందటి మాట. అప్పటికి నాకు ఇరవై ఏడేళ్లు. వయసుకు తగ్గ బుద్ధి లేదు గానీ, వయసుకు మించిన ఆశ ఒకటుండేది. మా చర్చి క్వయర్‌కి మాస్టరుని అయిపోవాలని ఆశ.

సికింద్రాబాద్‌లో మా చర్చి క్వయర్ అంటే రత్నం మాస్టారే. ఆయన రైల్వేలో టైమ్ కీపర్‌గా పనిచేసి రిటైరై లాలాగూడలో ఇల్లు కట్టుకున్నారు. గుంటూరు నుంచి వచ్చి నలభై ఏళ్లు దాటినా ఆ మాట తీరు ఆయన్ని వదల్లేదు. రైల్వే ఆయన్ని వదిలింది గానీ ఆయన క్వయర్‌ని వదల్లేదు. కుడిచేతిలో సన్నటి తెల్లకర్ర, దాన్ని మేం బేటన్ అంటాం, పట్టుకుని నలభై ఏళ్లుగా పాడిస్తూనే ఉన్నారు. ఇక దిగిపోతారా అని కమిటీ వాళ్లు ఏటా మర్యాదగా కదిపి చూసేవారు. ఆయన ఏటా "ఈ క్రిస్మస్ కానివ్వండయ్యా" అనేవారు. క్రిస్మస్ అయ్యాక ఈస్టర్ వచ్చేది.

ఆ ఏడు ఏమైందో గానీ ఒప్పుకున్నారు. నవంబరులో చర్చి వార్షికోత్సవం. ఆ రోజు ఒక మంచి యాంతమ్ పాడించి, బేటన్ అప్పజెప్పేస్తానన్నారు. యాంతమ్ అంటే నాలుగు గొంతులు నాలుగు దారుల్లో వెళ్లి చివర ఆమెన్ దగ్గర కలుసుకునే పెద్ద పాట. ఎవరికి అప్పజెబుతారని కమిటీ సెక్రటరీ ఎలీషా గారు అడిగితే ఆయన నా పేరు చెప్పారట. నా సంగీతం గొప్పదని కాదు, ప్రాక్టీసుకి టైముకి వచ్చేది నేనొక్కణ్ణే. టైమ్ కీపర్ బుద్ధి ఎక్కడికి పోతుంది?

"ఇంకా మూడు వారాలే సుధీర్. జెర నెమ్మదిగుండు. ఏం కొత్త పనులు షురూ చేయకు" అన్నారు ఎలీషా గారు. 

బంగారం లాంటి సలహా. వింటే ఈ కథే లేదు.

నాకు ఇంకో జబ్బు కూడా ఉండేది. చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడుకున్న వీడియో గేమ్‌ల సంగీతమంటే పిచ్చి. మీలో ముప్పై దాటినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. కేసెట్ పెట్టే ముందు దాన్ని నోటితో 'ఉఫ్' అని ఊదేవాళ్లం. ఓ చిన్న బొమ్మ మనిషి గుంటలు దాటుకుంటూ పరిగెడుతుంటాడు, వెనకాల టిక్కుటిక్కుమని ఓ పాట. గుంటలో పడితే మెట్ల మీంచి గిన్నె దొర్లినట్టు స్వరాలన్నీ కిందికి జారిపోయేవి. అది వినగానే ఇంట్లో ఉన్న పిల్లలందరూ ఒక్కసారిగా "అయ్యో!" అనేవాళ్లం. సికింద్రాబాద్‌లో ఆ కేసెట్ లేని ఇల్లు లేదు.

పెద్దయ్యాక కూడా ఆ పాటల్ని పట్టుకు వేలాడే మనుషులు ఉన్నారు. నెట్‌లో వాళ్లకో గుంపు. అందులో నేనొకణ్ణి. పాత గేమ్ పాటని ఎవరూ ఊహించని వాయిద్యం మీద మళ్లీ చెయ్యాలని ఆ నెలలో ఓ పోటీ పెట్టారు. ఒకాయన మూడు ప్రెషర్ కుక్కర్ల విజిల్స్‌తో చేశాడు. ఇంకొకావిడ కుట్టుమిషన్‌తో లాగించింది. ఇక నా పౌరుషం ఊరుకుంటుందా?

ఆ పాత యంత్రం లోపల నాలుగే గొంతులుంటాయి. రెండు ఈలలు పాట పాడతాయి, ఒకటి కింద గుమ్మని మోగుతుంది, నాలుగోది 'త్స్ త్స్' అని రొద చేస్తుంది. మా క్వయర్‌లోనూ నాలుగే గొంతులు: ఆడవాళ్లవి సొప్రానో, ఆల్టో; మగవాళ్లవి టెనర్, బేస్. ఈ రెండు నాలుగులూ నా బుర్రలో కలిసిన క్షణమే నా పతనానికి పునాది. వారం రోజులు కూర్చుని పాటంతా క్వయర్ వాళ్లు చదివే డో రే మీ లిపిలో రాసేశాను. ఈలలు రెండూ ఆడవాళ్లకి, గుమ్మనేది బేస్‌కి, మిగిలిన రొద టెనర్లకి ఇచ్చాను. చివర ఆ గుంటలో పడే స్వరాలకి 'ఆమెన్' అని తగిలించాను. అప్పుడు అదెంత ముద్దుగా అనిపించిందో!

నా పథకం చాలా చిన్నది. శనివారం ప్రాక్టీసుకి మాస్టారు మోండా మార్కెట్‌లో కూరగాయలు కొనుక్కుని కాస్త ఆలస్యంగా వస్తానన్నారు. ఆ అరగంటలో గొంతు సవరించుకునే పాట అని చెప్పి పాడించి, ఫోన్‌లో రికార్డు చేసి, కాగితాలు చింపేయడం.

టెనర్లలో పెద్దవాడు దేవదాసన్న, లాలాగూడ వర్క్‌షాప్‌లో ఫిట్టర్. కాగితం చూసి కళ్లజోడు పైకెత్తాడు.

"ఏంది తమ్మీ గిది? ఆడోళ్లకు పాట ఇచ్చినవ్, బేస్ వాళ్లకు సుత ఇచ్చినవ్. మాకేమో పాము లెక్క 'త్స్ త్స్' అని రాసినవ్?"

"అది వెస్టర్న్ స్టైలన్నా."

"వెస్టర్న్ల టెనర్లు గిట్ల బుసలు కొడ్తరా? మస్తు తక్లీఫ్ ఉంటది పాపం వాళ్లకు."

బుసలు కొడుతూనే పాడారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, అద్భుతంగా వచ్చింది. ఆమెన్ జారుడు పూర్తికాగానే గుమ్మం దగ్గర చప్పుడైంది. బెండకాయల సంచీ నేలమీద పెట్టి మాస్టారు నిలబడి ఉన్నారు.

"ఎవరిదయ్యా ఇది?"

నేను నిజం చెప్పి ఉండాల్సింది. కానీ బేటన్ కళ్లముందు ఊగుతోంది. "జపాన్ వాళ్లదండీ" అన్నాను. అది అబద్ధం కూడా కాదు.

"జపాన్‌లోనూ యాంతమ్‌లు ఉన్నాయా? ఎంతమంది ఉంటారేంటి వాళ్ల సంఘంలో?"

"ఎనిమిదండీ" అన్నాను. ఆ గేమ్‌ని ఎనిమిది బిట్ల గేమ్ అంటారు. ఆ ఎనిమిది నోట్లోకి ఎందుకొచ్చిందో ఇప్పటికీ తెలియదు.

"ఎనిమిది మందే! ఎంత విశ్వాసమయ్యా వాళ్లది! మళ్లీ పాడండి."

మళ్లీ పాడాం. మాస్టారు కళ్లు మూసుకుని వింటూ గాలిలో వేలు కదిపారు.

"ఇందులో ఒక భక్తుడు నడుస్తున్నాడయ్యా. ఇదిగో, ఇక్కడ గుంట వచ్చింది, దాటాడు. మళ్లీ గుంట. ఇది కాస్త పెద్దది, వెనక్కి వచ్చి పరిగెత్తి దాటాడు. ఇక్కడ ఏదో దొరికింది అతనికి."

"నా... నాణెమాండీ?" అన్నాను నోరు జారి.

"ఛ, నాణెమేంటి? కృప!"

జన్మలో వీడియో గేమ్ మొహం చూడని మనిషి మొదటి లెవెల్ మొత్తం కళ్లు మూసుకుని ఆడేశారు.

"వార్షికోత్సవానికి ఇదే పాడదాం. నా ఆఖరి యాంతమ్ ఇదే" అన్నారు. బెండకాయల సంచీ మర్చిపోయి ఇంటికెళ్లిపోయారు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, మా గేమ్‌లో కూడా అచ్చంగా అంతే. కాకపోతే అక్కడ ఎగరడానికి ఒక బటన్ ఉంటుంది. నిజం చెబితే బేటన్ పోతుంది. చెప్పకపోతే, పాతిక నుంచి నలభై అయిదేళ్ల లోపు వాళ్లంతా ఆ పాట గుర్తుపట్టి కడుపుబ్బ నవ్వుతారు. నలభై ఏళ్లు పాడించిన మనిషి ఆఖరి రోజున నవ్వులపాలవుతాడు. బేటన్ ఎటూ పోతుంది.

మర్నాడు బెండకాయలు తీసుకుని, నిజం చెప్పేద్దామని లాలాగూడ వెళ్లాను. మాస్టారు నల్లకోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడి ఉన్నారు. ఆయన భార్య సరోజినమ్మ గారు నోట్లో గుండుసూదులు పెట్టుకుని నడుము దగ్గర కుట్లు విప్పుతున్నారు.

"రావయ్యా. మాటలు రాశాను, చూడు" అని కాగితం చేతికిచ్చారు.

'లేచి నడువుము, ఓ యాత్రికుడా, గుంటలు దాటి గమ్యము చేరుము' అని మొదలుపెట్టారు. నేను నోరు తెరిచాను.

"మాస్టారూ, ఈ పాట గురించి ఒక మాట..."

"నేను చెప్పేది ముందు విను" అన్నారు కోటుతోనే కుర్చీలో కూర్చుంటూ. "నలభై ఏళ్లు పాడించానయ్యా. నా ఆమెన్ అయ్యేసరికి సంఘం ఏం చేస్తుందో తెలుసా? బండి తాళాలు వెతుక్కుంటుంది. గలగలా గలగలా, నలభై ఏళ్లుగా అదే చప్పుడు. ఒక్కసారి, నా ఆమెన్ విని జనం నోట్లోంచి ఏదో ఒక మాట రావాలి. అది విని దిగిపోతాను."

"రాత్రంతా ఈయనకి నిద్ర లేదు బాబూ. అంత సంతోషం" అన్నారు సరోజినమ్మ గారు.

నాకు నిజంగా బాధేసింది. సిగ్గు కూడా వేసింది. ఆ రెండూ కలిస్తే మగాడు చేసే పనే చేశాను. టీ తాగి, ఏమీ చెప్పకుండా వచ్చేశాను.

వార్షికోత్సవం రోజు చర్చి కిటకిటలాడింది. ముందు వరసల్లో పెద్దవాళ్లు, మధ్య వరసల్లో నా ఈడు వాళ్లు, వాళ్ల కుటుంబాలు. మాస్టారు సంఘానికి వీపు పెట్టి, మా వైపు తిరిగి బేటన్ ఎత్తారు. ఆర్గన్ మీద పెట్టిన నా ఫోన్ రికార్డు చేస్తోంది. అంత భయంలోనూ పోటీ మర్చిపోలేదు, చూడండి నా నీచత్వం.

మొదటి చరణం సగంలో, ఎ.ఎస్. రావు నగర్ నుంచి వచ్చే ఒక ఇంజనీరు గారు తల ఎత్తారు. పక్కాయన్ని మోచేత్తో పొడిచారు. రెండో చరణానికి మధ్య వరసల్లో ఉన్న మగాళ్లందరూ పాటల పుస్తకాల్ని రెండు చేతులా అడ్డంగా పట్టుకున్నారు. బొటనవేళ్లు కదలడం మొదలైంది. పెద్ద గుంట దగ్గర వరస వరసంతా భుజాలు పైకెత్తి దాటింది. వాళ్ల భార్యలు వాళ్లని చూసి పరేషాన్ అయ్యారు. ఎలీషా గారు మాస్టారికి కప్పాల్సిన శాలువాని రెండు చేతులా పట్టుకుని, దాని మీదే నొక్కుతున్నారు. చివరికి పాస్టర్ అయ్యగారు! ఆయనకీ నలభై లోపే. కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉన్నట్టే ఉన్నారు గానీ, ప్రసంగ వేదిక అంచు మీద కుడి బొటనవేలు ఎగురుతూనే ఉంది.

టెనర్లు ప్రాణం పెట్టి బుసలు కొట్టారు. ఆమెన్ వచ్చింది. స్వరాలు జారాయి, జారాయి, జారి అడుగున పడ్డాయి.

"అయ్యో!"

నూటయాభై గొంతులు, ఒక్క శ్రుతిలో. నలభై ఏళ్లలో మా సంఘం అంత చక్కగా కలిసి ఏదీ పలకలేదు. వెనకనుంచి ఎవరో "అరె, పోయిండురా!" అన్నారు కూడా.

ఆ తర్వాత వచ్చిన నిశ్శబ్దంలో ఒక్క తాళంచెవి మోగలేదు. అందరికీ సిగ్గేసింది మరి. మాస్టారి మొహం మాకు మాత్రమే కనిపిస్తోంది. ఆయన కళ్లనిండా నీళ్లు. మెల్లగా సంఘం వైపు తిరిగి వంగి దండం పెట్టారు. అయ్యగారు గొంతు సవరించుకుని, "ఈ పాట నన్ను నా బాల్యంలోకి తీసుకెళ్లింది" అన్నారు. దైవసేవకుడు, అబద్ధం చెప్పలేదు.

బేటన్ అప్పగించే ఘట్టం వచ్చింది. నేను కాలరు సర్దుకుని ఒక అడుగు ముందుకేశాను. మాస్టారు మైకు అందుకున్నారు.

"నేను దిగిపోతున్నానంటే కమిటీ వాళ్లు సంతోషించారు. అందరూ అంతే అనుకున్నాను. కానీ ఇవాళ నా ఆఖరి ఆమెన్‌కి సంఘమంతా ఒక్క గొంతుతో 'అయ్యో' అని ఏడ్చింది. నేను వెళ్లిపోతుంటే మీకింత బాధ ఉంటుందని నాకు తెలియదు. సంఘం అంతగా వద్దంటుంటే కాదని పోవడానికి నేనెవరినయ్యా?"

బేటన్‌ని కోటు లోపలి జేబులో పెట్టేసుకున్నారు.

ఎలీషా గారు శాలువా పట్టుకుని అలాగే బిగుసుకుపోయారు. "మరి ఈ శాలువా ఏం జేయాలె సార్?"

"కప్పండి. చలికాలమేగా."

నేను ముందుకేసిన అడుగు ఎవరూ చూడకుండా వెనక్కి తీసుకున్నాను. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. నా విషయంలో ఇంకాస్త ఎక్కువ జరిగింది. నేను తీసిన గోతిని డెబ్బై ఏళ్ల మాస్టారు కోటు నలగకుండా ఎగిరి దాటి, అవతల ఇంకో లైఫ్ సంపాదించుకున్నారు. దేవదాసన్న నా భుజం మీద చెయ్యేసి, చెవిలో మెల్లగా ఆ జారుడు ఆమెన్ పాడాడు. మొదటిసారి అతనికి పాట దొరికింది.

పోటీ సంగతంటారా? రికార్డింగ్ పంపాను. పాట చాలా బాగుందట గానీ చివర జనం 'అయ్యో' అనడం కంప్యూటర్‌తో అతికించినట్టు ఉందని, అంతమంది నిజంగా ఒకేసారి అలా అనరని తీసి పక్కన పెట్టారు.

మాస్టారు మొన్న ఆదివారం కూడా పాడించారు. ఏటా వార్షికోత్సవానికి అదే యాంతమ్. ఆ ఎనిమిది మంది జపాన్ విశ్వాసుల కోసం ముందుగా ఒక నిమిషం ప్రార్థన కూడా చేయిస్తున్నారు. నేను తల వంచుకుని అందరికన్నా గట్టిగా ప్రార్థిస్తాను.

అందుచేత, మా క్వయర్ బల్ల మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ మాస్టారికీ పుట్టుక దాచి పాట ఇవ్వను, టెనర్ల చేత బుసలు కొట్టించను, గుంట కనిపిస్తే చుట్టూ తిరిగి వెళతాను గానీ దాటబోను. ప్రమాణం చివర ఆమెన్ అనడం మా ఆచారమే గానీ, నేను మాత్రం అనను. ఆ మాట నా నోట్లోంచి వచ్చిందంటే చాలు, మధ్య వరసల వాళ్లు ఇప్పటికీ 'అయ్యో' అంటున్నారు.