పోగేసిన బాదం ఆకులు

ఈ సాయంత్రం హౌగాంగ్‌లో మా ఇంటి పక్క పార్కుకి వెళ్లాం. తాబేళ్లు తిరిగే కొలను గట్టున బాదం చెట్టు ఎర్రటి ఆకులు రాలుస్తోంది. ఆకురాలు కాలంలా ఫొటో కావాలంది మా ఆవిడ. పార్కు ఊడ్చే మనిషి పోగేసిన కుప్పని నేనే కాలితో చిమ్మేశాను. అతను చీపురు పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

"వీడొకడు అడ్డం. కదలడేంటి?" అన్నాను మా ఆవిడతో. ఈ పరాయి దేశంలో వాడికి తెలుగేం తెలుస్తుందిలే అని ధీమా.

"జరుగుతున్న సార్. మీ ఫొటో అయినంక చెప్పుండ్రి, మళ్ల ఊడుస్త" అన్నాడతను.

సారీ చెప్పాల్సింది పోయి, ఇంగ్లీషులో థాంక్యూ అన్నాను.

ఫొటోకి లైకులు బాగానే వస్తున్నాయి. మీరూ ఒకటి కొట్టండి.