మరియమ్మ బర్రె మెడలో గంట

1983లో నన్ను పాల్వంచ అవతలి అభయారణ్యానికి రేంజరుగా బదిలీ చేశారు. రేంజరంటే ఫారెస్ట్ రేంజ్ ఆఫీసరు. ఆయన కింద సెక్షన్ ఆఫీసర్లు, వాళ్ల కింద బీటు గార్డులు. కలప దొంగల వెంట పరుగెత్తడం, జంతువుల జాడలు రాయడం, వచ్చిన పెద్దమనుషులకు అడవి చూపించడం, అన్నీ మా నెత్తినే. ఈ చివరిది నాకు మొదటినుంచీ గిట్టదు. జీపెక్కిన ప్రతి మనిషికీ పులి కనిపించాలి. కనిపించకపోతే నేనేదో ఇంట్లో కట్టేసి వచ్చినట్టు చూసేవాళ్లు.

ములకలపల్లి వైపు అడవి అంచు ఊళ్లలో ఒక అలవాటు ఉండేది. ఎండాకాలం మేత ఉండదు కనుక వట్టిపోయిన గొడ్లనూ, సూడి బర్రెలనూ మెడలో కట్టె గంట కట్టి అడవిలోకి వదిలేసేవాళ్లు. మళ్లీ గంట చప్పుడు పట్టుకునే వెతికి తోలుకొచ్చుకునేవాళ్లు. ఎవరి గంట వాళ్లే చెక్కుకుంటారు కాబట్టి ఎవరి చప్పుడు వాళ్లకు తెలుసు. అభయారణ్యంలో పశువులను వదలడం నేరం. మేము కేసులు రాసేవాళ్లం, వాళ్లు వదులుతూనే ఉండేవాళ్లు.

ఆ వేసవిలో ఒక సాయంత్రం కరెంటు ఫ్యాక్టరీ కాలనీ నుంచి ఒక ఇంజనీరు, ఆయన భార్య అడవి చూడడానికి వచ్చారు. డ్రైవరు యాదగిరి పక్కన నేను, వెనక వాళ్లిద్దరు. చుక్కల దుప్పుల మంద కనిపించింది, ఒక మనుబోతు అడ్డంగా దాటింది. “దుప్పులేనా సార్, ఇంకేం లేవా?” అని ఇంజనీరుగారు పెదవి విరిచారు.

వాగు దాటగానే చేతిలో పలుపుతాడుతో ఒకామె ఎదురొచ్చింది. ఇంజనీరుగారి భార్య గుర్తుపట్టి, “మరియమ్మా, నువ్వేంటి ఇక్కడ?” అంది. బర్రె వట్టిపోయేదాకా పొద్దున బస్సుకు వచ్చి కాలనీలో పాలు పోసిన మనిషట. నా ఖాకీ చూడగానే ఆమె మొహం మాడిపోయింది.

“సూడి బర్రె సార్. నేడో రేపో ఈనుతది. తోల్కపోదామని వచ్చిన. మాకున్నది అదొక్కటే. కేసు గిట్ల రాయకుండ్రి, మీ కాళ్లు మొక్కుత.”

“ఒక్కదానివే వచ్చావా?” అని కసిరాను.

“అవ్ సార్, ఒక్కదాన్నే.”

ఒంటరి మనిషిని అక్కడ వదలలేక జీపు వెనక ఎక్కించుకున్నాను. కేసు సంగతి రేపు చూస్తానని కూడా అన్నాను.

కాస్త దూరం పోయామో లేదో, ఎడమ పక్క వెదురు పొదల్లో గంట లొటలొటమంది. మరియమ్మ దిగ్గున లేచింది. “మాదే సార్! బతికే ఉన్నది!” అంటూ కదులుతున్న జీపు మీంచి దూకేసింది. ఏం జరిగినా అడవిలో బండి దిగకూడదన్నది మొదటి నియమం. దిగొద్దని అరిచాను గానీ, నిజానికి నాకూ పెద్ద భయం కలగలేదు. గంట మోగుతోందంటే గొడ్డు మేస్తోందనే మేమందరం అనుకునేవాళ్లం.

“దా... దా, నల్లమ్మా!” అని పిలుస్తూ ఆమె నడుస్తోంది. పిలిచినప్పుడల్లా గంట మోగుతోంది. “పిలిస్తే పలుకుతోంది చూడండి” అని ఇంజనీరుగారి భార్య ముచ్చటపడింది.

అప్పుడు తట్టింది నాకు. మేసే గొడ్డు గంట తిరుగుతూ వినపడాలి. ఇది ఒక్కచోటే, ఎవరో గుంజినట్టు మోగి ఆగుతోంది. సీటు మీద నిలబడి చూశాను. బర్రె పక్కకు పడి ఉంది. దాని తొడ దగ్గర పులి. మాంసం పట్టి గుంజినప్పుడల్లా బర్రె తల ఊగి గంట మోగుతోంది. దేవుడా! పులి తిన్న గొడ్లను ఎన్నో చూశాను గానీ, చచ్చిన గొడ్డు మనిషిని పిలవడం అదే మొదటిసారి చూడడం.

పులి తలెత్తింది. మరియమ్మ కొయ్యబారిపోయింది.

“ఉరకకు. వెనక్కి తిరగకు. మొఖం దాని వైపే పెట్టి మెల్లగా వెనక్కి రా” అన్నాను. ఆమెకు వినపడిందో లేదో తెలియదు. యాదగిరి నేను చెప్పకముందే జీపును దారి దించి ఆమె వెనక దాకా పోనిచ్చాడు. రెక్క పట్టి లోపలికి లాగాను. పులి చెవులు వాల్చి గుర్రుమంది గానీ వేటను వదల్లేదు. జీపు వెనక్కి వస్తుంటే ఇంజనీరుగారు, “ఒక్క నిమిషం ఆపండి, ఫొటో” అన్నారు. ఆయన భార్య కెమెరా మీద చెయ్యి అడ్డం పెట్టింది.

దారి మీదికి వచ్చాం. వెనక మళ్లీ గంట మోగింది. మరియమ్మ నా భుజం పట్టి ఊపేసింది.

“సార్, ఆ గంట ఆపుండ్రి! వాగుకు అవతల నా బిడ్డ తిరుగుతుంది. గంట ఇంటే ఉరికొస్తది!”

“ఒక్కదాన్నే అన్నావు కదా!”

“ఇద్దరి మీద కేసు రాస్తరని చెప్పలె సార్!”



పులి వేటను ముట్టుకోకూడదు, అడవిలో హారన్ కొట్టకూడదు. ఆ రెండు నియమాలూ నేనే గార్డులకు వల్లె వేయించేవాణ్ని. “పోనియ్, హారన్ మీంచి చెయ్యి తియ్యకు” అన్నాను. యాదగిరి జీపును సూటిగా పొదల మీదికి తోలాడు. పులి చివరిదాకా చూసి, ఒక్క గర్జన వేసి, వెదురులోకి తప్పుకుంది. నేను దిగి కత్తితో గంట తాడు కోశాను.

వాగు ఒడ్డుకు రాగానే మరియమ్మ నా చేతిలోంచి గంట లాక్కుంది. బిడ్డ పేరు పెట్టి పిలవలేదు. జీపులో నిలబడి గంటనే ఊపింది, ఊపుతూనే ఉంది. కాసేపటికి అవతలి ఒడ్డు మీద చెట్లలోంచి ఆమె బిడ్డ రూతు పరుగెత్తుకొచ్చింది. మొహం నిండా సంతోషం.

“దొరికిందానే, అమ్మా?”



వేటను కదిలించినందుకు పైనుంచి మెమో వచ్చింది, సంజాయిషీ రాశాను. మరియమ్మ మీద కేసు రాయలేదు. రిటైరయ్యేదాకా ప్రతి రేంజిలోనూ గార్డులకు ఒకటే చెప్పాను: అడవిలో మనిషి దొరికితే ముందు వెంట ఇంకెవరున్నారో అడగండి. నిజం బయటికి వచ్చేదాకా కేసు మాట ఎత్తొద్దు.